శరీర దిశలు నేర్పే కీళ్ల బొమ్మ: మూడు నెలల వాడకం తరువాత ఒక సమీక్ష

ఫిజియోథెరపీ మొదటి సంవత్సరం విద్యార్థులకు అనాటమీ చెప్పేటప్పుడు మొదటి రెండు వారాలు ఎముకల పేర్లతో గాని కండరాల పేర్లతో గాని గడవవు. ఏది ముందు, ఏది వెనుక, ఏది లోపలి వైపు, ఏది బయటి వైపు, చేయి ఎటు కదిలితే ఆ కదలికను ఏమనాలి అన్న ప్రశ్నలతోనే గడుస్తాయి. ఆ రెండు వారాల కోసమే తయారైన ఒక బోధన సామగ్రిని మూడు నెలలుగా రెండు తరగతుల్లో వాడి చూశాను. పెట్టెలో 42 సెంటీమీటర్ల ఎత్తున్న కీళ్ల బొమ్మ, దానిని నిలబెట్టే పీట, మూడు రంగుల పారదర్శక పలకలు, ఆ పలకలకు గుచ్చే సన్నని లోహపు ఇరుసు, కోణాలు కొలిచే చిన్న గోనియోమీటర్, 120 కార్డులు, 48 పుటల చేతిపుస్తకం ఉన్నాయి. తయారీదారు పేరు ఇక్కడ రాయడం లేదు. ఇటువంటి బొమ్మలు వేరువేరు పేర్లతో దొరుకుతూనే ఉంటాయి కనుక, కొనేవారు పేరును కాక కీళ్లను చూసి కొనడం మేలు. ఏ కీళ్లను చూడాలో చెప్పడం నా ఉద్దేశం.

ఇటువంటి సామగ్రిని తూచడానికి నా దగ్గర ఉన్న తూకపురాయి ఒక్కటే. దిశను చెప్పే మాట శరీరానికి అంటుకొని ఉండాలి గాని, చూసేవాడి కంటికి అంటుకొని ఉండకూడదు. మనిషి పడుకున్నా, తలకిందులైనా, మనకు వీపు చూపించి నిలబడినా ఆ మాట మారకూడదు. అందుకోసమే అనాటమీలో అందరూ ఒప్పుకున్న ఒక నిలుచున్న భంగిమ ఉంది. నిటారుగా నిలబడి, చూపు ఎదురుగా పెట్టి, పాదాలను ముందుకు ఉంచి, చేతులను పక్కలకు వదిలి, అరచేతులను ముందుకు తిప్పి ఉంచడమే ఆ భంగిమ. దీనినే అనాటమికల్ పొజిషన్ అంటారు. రోగి మంచం మీద ముడుచుకొని పడుకొని ఉన్నా, వైద్యుడు రాసే ప్రతి మాటా అతడు ఇలా నిలబడి ఉన్నాడని ఊహించుకొని రాసిందే.

ఈ బొమ్మను పెట్టెలోంచి తీసి పీట మీద నిలబెట్టగానే నాకు నచ్చిన విషయం దాని అరచేతులు. బొమ్మలు చిత్రించేవారు వాడే కీళ్ల బొమ్మల్లో అరచేతులు సాధారణంగా తొడల వైపు తిరిగి ఉంటాయి, ఎందుకంటే ఊరకే నిలబడిన మనిషి చేతులు అలాగే ఉంటాయి. ఇక్కడ మాత్రం అరచేతులు తిన్నగా ముందుకు తిరిగి, బొటనవేళ్లు శరీరానికి దూరంగా బయటి వైపు చూస్తున్నాయి. ఇది చిన్న విషయంలా కనబడుతుంది గాని, ముంజేతి గురించి మనం చెప్పే సగం మాటలు దీని మీదే ఆధారపడి ఉన్నాయి. అరచేయి ముందుకు ఉన్నప్పుడే ముంజేతిలోని రెండు ఎముకలు, రేడియస్, అల్నా, ఒకదాని పక్కన ఒకటి సమాంతరంగా ఉంటాయి. అప్పుడు బొటనవేలి వైపున్న రేడియస్ లేటరల్, అంటే శరీర మధ్యరేఖకు దూరం. చిటికెనవేలి వైపున్న అల్నా మీడియల్, అంటే మధ్యరేఖకు దగ్గర. అరచేతిని వెనక్కి తిప్పితే బొటనవేలు తొడకు తగులుతుంది, చూసినవారికి అదే మీడియల్ అనిపిస్తుంది, కాని పేరు మాత్రం మారదు. కొత్త విద్యార్థి మొదట తడబడేది సరిగ్గా ఇక్కడే.

కుడి ఎడమల దగ్గర మాత్రం బొమ్మ నన్ను ఇబ్బంది పెట్టింది. దాని ఒంటి మీద ఎక్కడా కుడి, ఎడమ అని గుర్తు లేదు. మొదటి వారం ఒక విద్యార్థిని బొమ్మను తనకు ఎదురుగా పెట్టుకొని, కుడి భుజాన్ని పక్కకు లేపమంటే తన కుడిచేతికి ఎదురుగా ఉన్న బొమ్మ భుజాన్ని ఎంతో నమ్మకంగా లేపింది. అది బొమ్మకు ఎడమ భుజం. తరగతి అంతా నవ్వింది గాని, ఆ నవ్వినవారిలో సగం మంది మరుసటి రోజు అదే తప్పు చేశారు. ఇక చేసేది లేక బొమ్మ కుడి మణికట్టుకు ఎర్రటి టేపు చుట్టాను. అనాటమీలో కుడి అంటే ఎప్పుడూ రోగి కుడి. సీటీ స్కాన్‌లో అడ్డంగా కోసినట్లు కనబడే చిత్రాన్ని, వెల్లకిల పడుకున్న మనిషిని పాదాల వైపు నుంచి చూస్తున్నట్లుగా అమర్చుతారు కనుక, రోగి కాలేయం ఉన్న కుడివైపు మన ఎడమచేతి వైపున కనబడుతుంది. చేతిపుస్తకంలో ఈ సంగతిని ఒకే ఒక్క చిత్రంతో, పడుకున్న మనిషి పాదాల దగ్గర ఒక కన్ను గీసి, చక్కగా చూపించారు. పుస్తకం మొత్తంలో నాకు బాగా నచ్చిన పుట అదే. అంత ఆలోచించి గీసినవారు బొమ్మ చేతి మీద ఒక అక్షరం ముద్రించలేకపోవడం ఆశ్చర్యం.

పలకల సంగతికి వస్తే, ఈ సామగ్రిలో పెట్టిన శ్రమంతా ఇక్కడ కనబడుతుంది. శరీరాన్ని ఊహలో మూడు విధాలుగా కోయవచ్చు. ముక్కు నుంచి వెనుకకు కోసి కుడి ఎడమలుగా విడదీసేది సజిటల్ తలం. ఒక చెవి నుంచి మరో చెవి మీదుగా కోసి ముందు వెనుకలుగా విడదీసేది కరోనల్ తలం. నడుము పట్టీలా అడ్డంగా కోసి పై కింది భాగాలుగా విడదీసేది ట్రాన్స్‌వర్స్ తలం. మన పాఠ్యపుస్తకాల్లో నిలువుకోత, అడ్డుకోత అనే రెండు మాటలతో సరిపెట్టుకోవడం వల్ల, నిలువుకోతలు రెండు రకాలన్న సంగతి చాలామందికి పెద్ద తరగతుల దాకా తెలియదు. ఈ పెట్టెలో సజిటల్ పలక నీలం, కరోనల్ పలక పసుపు, ట్రాన్స్‌వర్స్ పలక ఆకుపచ్చ. బొమ్మ మొండెంలోని గాడుల్లో పలకలు కదలకుండా కూర్చుంటాయి. రెండు పలకలను కలిపి పెట్టినప్పుడు నీలం మీద పసుపు పడి కలిసిన చోట వచ్చే గీత ఏ దిశలో పోతున్నదో విద్యార్థులు వేలితో తడిమి చూడవచ్చు.

పలకల పేర్లకు మూలం చెప్పేందుకు బొమ్మ తల మీద రెండు సన్నని గీతలు చెక్కారు. నుదుటి ఎముకకూ, వెనుక ఉన్న రెండు పెరైటల్ ఎముకలకూ మధ్య అడ్డంగా పోయే గీత కరోనల్ అతుకు. లాటిన్‌లో కరోనా అంటే కిరీటం. ఆ గీత మధ్య నుంచి వెనుకకు, రెండు పెరైటల్ ఎముకల నడుమగా పోయేది సజిటల్ అతుకు. సజిటా అంటే బాణం. తలను పైనుంచి చూస్తే వంపు తిరిగిన విల్లూ, దానికి సంధించిన బాణమూ కనబడతాయి. పసుపు పలకను విల్లుకూ, నీలం పలకను బాణానికీ ఆనించి ఒక్కసారి చూపిస్తే, ఆ తరువాత ఏది ఏ తలమో మళ్లీ అడిగినవారు రెండు తరగతుల్లోనూ లేరు. అయితే నీలం పలకకు గాడి ఒక్కటే, అదీ సరిగ్గా నడిమధ్యన ఉంది. మధ్యరేఖకు పక్కగా, దానికి సమాంతరంగా కోసినా అది సజిటల్ తలమే అవుతుందనీ, నడిమధ్య కోతకు మీడియన్ తలమని ప్రత్యేకంగా పేరున్నదనీ చెప్పడానికి నేను పలకను చేత్తో పట్టుకొని బొమ్మ పక్కన నిలబెట్టవలసి వచ్చింది. ఆకుపచ్చ పలకకు ఐదు గాడులు ఇచ్చినవారు నీలం పలకకు ఇంకో రెండు ఇచ్చి ఉంటే బాగుండేది.

ఇక ఇరుసు. అగ్గిపుల్లంత సన్నని ఈ లోహపు కడ్డీని పనికిరాని వస్తువనుకొని మొదట పెట్టెలోనే వదిలేశాను. నిజానికి కదలికలను అర్థం చేయించడంలో పలకల కన్నా ఇదే ఎక్కువ పని చేసింది. తలుపు బందుల మీద తిరుగుతుంది, తలుపు రెక్క నేల మీద ఒక వంపు గీస్తుంది. అలాగే శరీరంలో ప్రతి కదలికా ఒక తలంలో, ఆ తలానికి లంబంగా గుచ్చుకొని ఉన్న ఇరుసు చుట్టూ జరుగుతుంది. మోచేతిని మడిచినప్పుడు ముంజేయి సజిటల్ తలంలో కదులుతుంది, ఇరుసు మాత్రం మోచేతిలో అడ్డంగా, పక్క నుంచి పక్కకు ఉంటుంది. ఆ మడతే ఫ్లెక్షన్, తిరిగి చాచడం ఎక్స్‌టెన్షన్. చేతిని పక్కకు లేపినప్పుడు అది కరోనల్ తలంలో కదులుతుంది, ఇరుసు భుజంలో ముందు నుంచి వెనుకకు ఉంటుంది. మెడను కాదన్నట్లు అటూ ఇటూ తిప్పితే కదలిక ట్రాన్స్‌వర్స్ తలంలో, ఇరుసు నిలువుగా నడినెత్తి నుంచి కిందికి. బొమ్మ కీళ్లలో ఇరుసు దూర్చేందుకు రంధ్రాలు చేశారు. విద్యార్థి చేతికి బొమ్మనూ ఇరుసునూ ఇచ్చి, కదలిక పేరు చెప్పి, ఇరుసు ఎక్కడ గుచ్చాలో చూపించమంటే, కంఠస్థం చేసినవాడెవడో అర్థం చేసుకున్నవాడెవడో అర నిమిషంలో తేలిపోతుంది. భుజాన్ని గుండ్రంగా తిప్పే సర్కమ్‌డక్షన్‌కు ఇరుసు ఎక్కడ గుచ్చాలని ఒకతను అడిగాడు. ఒక్క చోట గుచ్చలేము. అది ముందుకు లేపడం, పక్కకు తీయడం, వెనక్కి చాచడం, దగ్గరికి చేర్చడం వరుసగా కలిసిపోయిన కదలిక, చేయి గాలిలో గీసేది శంకువు. ఆ ప్రశ్నను ఆ తరగతి చేతే ఆలోచింపజేసినది ఈ చిన్న కడ్డీయే.

కార్డుల్లో మొదటి నలభై దిశలకు సంబంధించినవి. తలవైపుకు సుపీరియర్, పాదాలవైపుకు ఇన్‌ఫీరియర్, ముందుకు యాంటీరియర్, వెనుకకు పోస్టీరియర్ వంటి జంటలను ఎదురెదురు రంగుల్లో ముద్రించారు. చర్మానికి దగ్గరగా ఉన్నదానికి సూపర్‌ఫిషియల్, లోతున ఉన్నదానికి డీప్, ఒకే వైపుకు ఇప్సిలేటరల్, ఎదుటి వైపుకు కాంట్రలేటరల్ అన్నవీ ఉన్నాయి. వీటిలో నాకున్న అభ్యంతరం ఒక రకమైన కార్డుల మీద. ఒక కార్డు మీద మోచేతి బొమ్మ వేసి, దాని కింద ప్రాక్సిమల్ అని రాశారు. దేనితో పోలిస్తే? ప్రాక్సిమల్ అంటే అవయవం మొండేనికి అతుక్కున్న చోటుకు దగ్గర, డిస్టల్ అంటే దానికి దూరం. మణికట్టుతో పోల్చితే మోచేయి ప్రాక్సిమల్, భుజంతో పోల్చితే అదే మోచేయి డిస్టల్. కన్ను ముక్కుకు లేటరల్, చెవికి మీడియల్. ఇవి బంధుత్వాల వంటి మాటలు. ఒక మనిషిని చూపించి ఇతడు అల్లుడు అంటే, ఎవరికి అని అడగక తప్పదు గదా. రెండో అవయవం పేరు లేని కార్డులు నాకు పదకొండు కనిపించాయి, వాటి మీద పెన్నుతో రెండో పేరు రాసి వాడుకుంటున్నాను.

అదే ప్రాక్సిమల్, డిస్టల్ జంటను బొమ్మ మాత్రం కార్డుల కన్నా బాగా చెప్పింది. బొమ్మ చేతిని నిలువుగా తల పైకి ఎత్తితే మణికట్టు మోచేతి కన్నా పైన ఉంటుంది, అయినా అది డిస్టలే. పైన, కింద అనే మాటలు చేతి విషయంలో ఎందుకు పనికిరావో చెప్పడానికి ఇంతకన్నా సులువైన ఉపాయం నాకు తెలియదు. పీట నుంచి ఊడదీసి పడుకోబెట్టే వీలుండడం కూడా బాగుంది. వెల్లకిల పడుకుంటే సుపైన్, బోర్లా పడుకుంటే ప్రోన్, పక్కకు ఒత్తిగిలితే లేటరల్ డెక్యుబిటస్. కుడి లేటరల్ డెక్యుబిటస్ అంటే కుడి పక్క కిందికి ఉండేలా పడుకోవడమని కార్డు స్పష్టంగా చెబుతున్నది. పడుకున్న బొమ్మకు తల ఇప్పటికీ సుపీరియరే, వీపు ఇప్పటికీ పోస్టీరియరే.

డోర్సల్, వెంట్రల్ అనే జంట దగ్గర చేతిపుస్తకం తొందరపడింది. డోర్సల్ అంటే పోస్టీరియర్, వెంట్రల్ అంటే యాంటీరియర్ అని ఒక్క వాక్యంలో తేల్చేసింది. నిలబడిన మనిషి మొండెం వరకు అది నిజమే. నాలుగు కాళ్ల జంతువు విషయానికి వస్తే వీపు పైకి, పొట్ట నేలవైపుకు ఉంటాయి కనుక డోర్సల్ అంటే పైభాగం అవుతుంది. అందుకే పశువైద్యులు మొండెం గురించి యాంటీరియర్, పోస్టీరియర్ అనే మాటల జోలికి పోకుండా, తలవైపుకు క్రేనియల్, తోకవైపుకు కాడల్ అంటారు. మనిషి మెదడులోనూ ఇదే చిక్కు ఉంది. మనం నిలబడడం వల్ల వెన్నుపాము నిలువుగానూ పెద్దమెదడు ముందుకు వాలినట్లుగానూ ఉండి, మధ్యమెదడు దగ్గర వంపు తిరుగుతుంది. అందువల్ల వెన్నుపాములో డోర్సల్ అంటే వీపు వైపు, పెద్దమెదడులో డోర్సల్ అంటే నడినెత్తి వైపు. పాదం పైభాగాన్ని డోర్సల్ అనడమూ కొత్తవారికి వింతగానే ఉంటుంది.

పాదం పైభాగం వీపు వైపుదెలా అయిందో చెబితే మోకాలి సంగతి కూడా తేలిపోతుంది. గర్భంలో చేతులూ కాళ్లూ మొదట పక్కలకు మొలకల్లా పుడతాయి. సుమారు 6 నుంచి 8 వారాల మధ్య చేయి బయటి వైపుకు దాదాపు 90 డిగ్రీలు, కాలు లోపలి వైపుకు దాదాపు 90 డిగ్రీలు తిరుగుతాయి. ఆ తిప్పుడు వల్లనే కాలికి మొదట వీపు వైపున్న ముఖం ముందుకు వచ్చి పాదం పైభాగం డోర్సల్ అయింది, మోచేయి వెనుకకు, మోకాలు ముందుకు చూస్తాయి. చేతి బొటనవేలు బయటి వైపున, కాలి బొటనవేలు లోపలి వైపున నిలుస్తాయి. చేయి ముందుకు మడుచుకున్నా, కాలు వెనక్కి మడుచుకున్నా రెండింటినీ ఫ్లెక్షన్ అనే అంటాము. ఫ్లెక్షన్ అంటే ముందుకు వంగడం అని రాసుకున్న విద్యార్థి మోకాలి దగ్గర తప్పు చేయక మానడు. చేతిపుస్తకం ఈ మెలికను రెండు పంక్తుల్లో దాటేసింది. నేను తడి బట్టను రెండు చేతులతో ఎదురెదురుగా పిండి చూపించాను, అది బొమ్మ కన్నా బాగా పని చేసింది.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. ఈ బొమ్మ ముంజేయి ఒకే కడ్డీ. అరచేతిని తిప్పితే మణికట్టు దగ్గర ఉన్న బంతి కీలు తిరుగుతుంది, ముంజేయి మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. మనిషి ముంజేయి ఇలా తిరగదు. మోచేతిని 90 డిగ్రీలు మడిచి పక్కకు ఆనించుకొని, రెండో చేతి వేళ్లతో మణికట్టుకు కాస్త పైన ముంజేతిని చుట్టి పట్టుకొని, అరచేతిని నీళ్లు పట్టే దోసిలిలా పైకి పెట్టి, ఆ తరువాత మెల్లగా బోర్లించి చూడండి. చిటికెనవేలి వైపు అల్నా దాదాపు ఉన్నచోటనే నిలిచి ఉంటుంది, బొటనవేలి వైపు రేడియస్ దాని మీదుగా అడ్డంగా దాటుతుంది, వేళ్ల కింద ముంజేయి మొత్తం మెలితిరగడం తెలుస్తుంది. మణికట్టు ఎముకలు రేడియస్‌నే అంటిపెట్టుకొని ఉంటాయి కనుక, రేడియస్ ఎటు పోతే చేయి అటు పోతుంది. అరచేతిని వెల్లకిల చేయడం సుపినేషన్, బోర్లించడం ప్రొనేషన్. పడుకోవడానికీ అరచేతికీ లాటిన్‌లో ఒకే జంట మాటలు ఉన్నట్లే మనకూ వెల్లకిల, బోర్లా అనే జంట రెండింటికీ పనికివస్తుంది. ఇంత సులువైన మాటలుండగా చేతిపుస్తకం అనువాదకులు వీటిని ఎందుకు వదిలేశారో అర్థం కాదు.

బొమ్మ మణికట్టు దగ్గర తిరగడం వల్ల వచ్చిన నష్టం ఊహించింది కాదు, కంటితో చూసింది. పరీక్షలో ప్రొనేషన్ ఏ కీలులో జరుగుతుందని అడిగితే, బొమ్మతో నేర్చుకున్న తరగతిలో ఏడుగురు మణికట్టు కీలు అని రాశారు. అది జరిగేది రేడియస్, అల్నాల మధ్య మోచేతి దగ్గరొకటి, మణికట్టు దగ్గరొకటి ఉన్న రెండు రేడియో అల్నార్ కీళ్లలో. దీనికి తోడు గోనియోమీటర్‌తో కొలిచేటప్పుడు మరో మెలిక ఉంది. దాదాపు అన్ని కీళ్లకూ అనాటమికల్ పొజిషన్‌నే సున్నా డిగ్రీలుగా తీసుకుంటాము, కాని ముంజేతికి మాత్రం మోచేతిని మడిచి బొటనవేలిని పైకి పెట్టిన స్థితిని సున్నాగా తీసుకొని, అక్కడి నుంచి అటు 80, ఇటు 80 డిగ్రీల వరకు కదలికను మామూలుగా లెక్కిస్తాము. ఈ మినహాయింపు పుస్తకంలో ఎక్కడా లేదు.

బొటనవేలు రెండో ఫిర్యాదు. చేతి వేళ్లన్నీ ఒక ముద్దగా ఉన్నా పరవాలేదనుకుందాం. మధ్యవేలిని ఆధారంగా తీసుకొని, దానికి దూరంగా జరిగితే అబ్డక్షన్, దగ్గరికి వస్తే అడక్షన్ అనీ, పాదంలో ఆ ఆధారం రెండో వేలనీ మన చేతి మీదనే చెప్పుకోవచ్చు. కాని బొటనవేలిని మొద్దులా కదలకుండా అతికించి, దాని గురించి 74వ కార్డు మీద తప్పు రాయడం ఓర్చుకోదగినది కాదు. బొటనవేలిని అరచేతి తలంలోనే పక్కకు చాచడం అబ్డక్షన్ అని ఆ కార్డు చెబుతున్నది. బొటనవేలు తక్కిన వేళ్లతో పోలిస్తే దాదాపు ఒక పావు మలుపు తిరిగి ఉంటుంది. అందువల్ల అది అరచేతి మీదుగా చిటికెనవేలి వైపు జారితే ఫ్లెక్షన్, అదే తలంలో బయటికి చాచితే ఎక్స్‌టెన్షన్. అరచేతికి లంబంగా, అరచేయి ముందుకు ఉన్నప్పుడు నేరుగా ముందుకు లేస్తే అది అబ్డక్షన్. చేతి చికిత్స చేసేవారు పక్కకు చాచడాన్ని రేడియల్ అబ్డక్షన్ అనీ, ముందుకు లేపడాన్ని పామర్ అబ్డక్షన్ అనీ అంటారు. కార్డు ఆ పూర్తి పేరు రాసి ఉంటే నేను నోరు మెదిపేవాడిని కాదు.

చేతితో పోలిస్తే కాలి మీద శ్రద్ధ పెట్టారు. చీలమండలో ఒకటి, దాని కింద ఇంకొకటి, రెండు వేరువేరు కీళ్లు ఉన్నాయి. పై కీలు దగ్గర పాదాన్ని పైకి లేపితే డోర్సిఫ్లెక్షన్, మునివేళ్ల మీద నిలబడినట్లు కిందికి వంచితే ప్లాంటార్ ఫ్లెక్షన్. కింది కీలు దగ్గర అరికాలిని లోపలికి తిప్పితే ఇన్‌వర్షన్, బయటికి తిప్పితే ఎవర్షన్. ఇంత చిన్న బొమ్మలో ఈ రెండింటినీ విడదీయడం మెచ్చుకోదగిన పని. మోకాలు మాత్రం కొంత వదులు. రెండో నెలకే అది ముందుకు కూడా వంగడం మొదలుపెట్టింది. భుజానికి ఎముక రెక్క, అంటే స్కాపులా, కదలదు కాబట్టి చేతిని పక్కకు లేపితే 110 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. తయారీదారు దీనిని లోపంగానే భావించి ఉంటాడు గాని, నాకు ఇదే మంచి పాఠమైంది. మనిషి చేయి 180 డిగ్రీలు లేవడానికి భుజం కీలు ఇచ్చేది సుమారు 120, మిగిలిన 60 వీపు మీది రెక్క తిరగడం వల్ల వస్తుంది. ఎందుకు ఆగిందో చెప్పండి అని బొమ్మను చేతికిచ్చి అడగవచ్చు.

తెలుగు ముద్రణ గురించి ఒక మాట. అబ్డక్షన్, అడక్షన్ అనే రెండు మాటలూ పలికేటప్పుడు చెవికి ఒకేలా వినబడతాయి, అందుకే వార్డుల్లో ఏ-బి-డక్షన్, ఏ-డి-డక్షన్ అని విడదీసి పలికేవారున్నారు. చేతిపుస్తకం వీటికి అపవర్తనం, అభివర్తనం అని పెట్టి అదే చిక్కును తెలుగులోకి తెచ్చింది. ఫ్లెక్షన్‌కు ఆకుంచనం, ఎక్స్‌టెన్షన్‌కు ప్రసారణం అన్నవి వినగానే వేరువేరుగా తెలుస్తాయి, వాటి మీద నాకు పేచీ లేదు. లోపలి వైపుకు తిప్పే ఒకే కదలికను ఒకే పుస్తకంలో ఒకచోట మీడియల్ రొటేషన్, మరోచోట ఇంటర్నల్ రొటేషన్ అని రాయడం మాత్రం అశ్రద్ధ. ఒకే భాగానికి పలు పేర్లుండే బాధ తప్పించడానికే 1895లో స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో మొదటి ఉమ్మడి పేర్ల జాబితా చేశారు. 1998లో వచ్చిన టెర్మినాలజియా అనాటమికా అనే జాబితా కూడా అందుకే. ఆ జాబితా పేరు అట్ట మీద వేసుకున్న పుస్తకం లోపల కూడా ఒకే పేరుకు కట్టుబడి ఉండాలి.

తలాలూ, ఇరుసులూ, పడుకునే భంగిమలూ, చీలమండా నేర్పడానికి ఎవరైనా అడిగితే ఈ పెట్టె కొనమనే చెబుతాను. ముంజేతికీ బొటనవేలికీ మాత్రం దీనిని తరగతిలోకి తీసుకురావద్దని కూడా చెబుతాను. రెండో తరగతికి ఆ పాఠం వచ్చేసరికి నేను బొమ్మను బల్ల కింద పెట్టి, రెండు సన్నని వెదురు పుల్లలు తీసుకొని, పై కొసల దగ్గర రబ్బరు బ్యాండుతో వదులుగా కట్టి, కింద అట్టముక్కతో కోసిన అరచేతిని బొటనవేలి వైపు పుల్లకు మాత్రమే అతికించాను. అట్టను బోర్లిస్తే ఆ పుల్ల రెండోదాని మీదుగా అడ్డంగా దాటుతుంది, వెల్లకిల చేస్తే మళ్లీ పక్కన వచ్చి నిలుస్తుంది. ఆ తరగతిలో మణికట్టు కీలు అని రాసినవారు ఒక్కరే. పుల్లల చేయి బొమ్మ పెట్టెలో పట్టలేదు, అందుకని దానిని తరగతి గోడకు మేకు కొట్టి తగిలించాను.